మన్యం గెడ్డ మీద కాలి వంతెన: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం నుంచి ఘాటెక్కి అనంతగిరి, హుకుంపేట, జి.మాడుగుల, చింతపల్లి వైపు వెళ్తే, రోడ్డు ఆగిపోయిన చోట నుంచి గెడ్డ (కొండవాగు) దాటి నడవాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అయినా పెద్దాసుపత్రికైనా, ఇనుప సామానుకైనా జనం దిగేది విశాఖకే. "ప్రభుత్వ వంతెన వచ్చేలోపు మా గెడ్డ మీద మేమే ఏదైనా వేసుకోవచ్చా?" అని అడిగేవాళ్ల కోసం ఈ పేజీ. కర్ర, రాయి, కొద్దిపాటి ఇనుముతో కట్టే చిన్న వంతెన వరకే ఇక్కడి సమాధానాలు.

ఎంత వెడల్పున్న గెడ్డకు ఊరివాళ్లం సొంతంగా వంతెన వేసుకోగలం?

గట్టు నుంచి గట్టుకు 5, 6 మీటర్లుంటే ధైర్యంగా వేసుకోవచ్చు. 8 మీటర్లంటే కష్టమే గానీ సాధ్యమే. అది దాటితే దుంగల వంతెన ఆలోచన మానేసి ఇంజనీరు దగ్గరకు వెళ్లండి. కొలిచేది మాత్రం మే నెలలో పారే నీటి వెడల్పు కాదు. వేసవిలో రెండంగల్లో దాటే గెడ్డ ఆగస్టులో పది మీటర్లు పరుచుకుంటుంది. రెండు వైపులా కదలని గట్టు ఎక్కడ మొదలవుతుందో అక్కడ టేపు పట్టండి.

వంతెన ఎక్కడ వేయాలి? ఇప్పుడు దాటుతున్న చోటే వేస్తే కుదరదా?

చాలాసార్లు కుదరదు. జనం దాటే చోటు నీళ్లు లోతు లేని చోటు. అక్కడ గెడ్డ వెడల్పుగా, పల్చగా పారుతుంది. నడిచి దాటడానికి అది మంచిదే, వంతెనకు మాత్రం అదే చెడ్డ చోటు. వంతెనకు కావాల్సింది గెడ్డ సన్నబడి, గట్లు ఎత్తుగా లేచి, వీలైతే రెండు వైపులా బండ కనిపించే చోటు. అలాంటి చోటు బాట నుంచి వంద, రెండొందల మీటర్లు పక్కకు ఉంటే బాటనే అటు తిప్పండి. బాట తిప్పడానికి గునపం, పార చాలు. చెడ్డ చోట గట్టు నిలబెట్టడానికి ఎంత డబ్బయినా చాలదు.

వంపు దగ్గర ఎప్పుడూ వద్దు. గెడ్డ వంపు తిరిగేటప్పుడు బయటి గట్టును కోస్తుంది, లోపలి వైపు ఇసుక పోస్తుంది. అంటే మీ వంతెనకు ఒక కాలు కింద నేల పోతూ ఉంటుంది, రెండో కాలు చుట్టూ ఇసుక మేట వేస్తూ ఉంటుంది. పైకీ కిందికీ కొంత దూరం తిన్నగా పారే చోటు వెతకండి. రెండు గెడ్డలు కలిసే చోటుకు దిగువన కూడా వద్దు. పైనుంచి రెండూ ఒకేసారి పొంగితే ఏమవుతుందో లెక్క కట్టడం కష్టం.

రాయిని కూడా చూడండి. తూర్పు కనుమల్లో ఎర్రగా, పొడిపొడిగా రాలే ఖోండలైటు రాయి ఎక్కువ. పైకి బండలా కనిపించినా గునపం పోటుకు ముక్కలవుతుంది. దాని పక్కనే కొన్ని చోట్ల నల్లగా, గట్టిగా చార్నకైటు ఉంటుంది. సుత్తితో కొడితే ఖంగుమనే రాయి మీద, వంతెన కొస ఆనే గట్టు గోడ కట్టండి. మొద్దుగా మోగితే ఇంకా తవ్వండి.

వరద ఎంత ఎత్తు వస్తుందో ఎలా తెలుస్తుంది? మా గెడ్డకు లెక్కలేవీ లేవు.

లెక్కలు లేకపోయినా గుర్తులు ఉంటాయి. చెట్ల కొమ్మలకు పట్టిన చెత్త, గడ్డి పీచు ఎంత ఎత్తులో ఉందో చూడండి. గట్టు మీద నాచు ఆగిపోయిన గీత చూడండి. ఆ తర్వాత ఊళ్లో ముసలమ్మల్ని, ముసలయ్యల్ని గెడ్డ దగ్గరకే తీసుకొచ్చి అడగండి. ఇంటి అరుగు మీద కూర్చుని అడిగితే "బాగా వచ్చింది బాబూ" అంటారు. గెడ్డ దగ్గర నిలబెడితే "ఇదిగో, ఈ చింతచెట్టు మొదలు మునిగింది" అని చెయ్యి పెట్టి చూపిస్తారు. ఏ ఏడాదో గుర్తు లేకపోతే తుపాను పేరు చెప్పండి. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌ను ఈ వైపు ఎవరూ మర్చిపోలేదు. 2021 సెప్టెంబరులో వచ్చిన గులాబ్ వానలు కూడా చాలామందికి గుర్తున్నాయి. ముగ్గురు వేర్వేరుగా చూపించిన చోట్లలో అన్నిటికంటే ఎత్తయినదాన్ని తీసుకోండి.

ఒక మోటు లెక్క కూడా పనికొస్తుంది. మీ గెడ్డలోకి నీళ్లు దిగే కొండ విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు అనుకోండి. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం నేలలో ఇంకకుండా దిగితే సెకనుకు దాదాపు 7 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. గెడ్డ 4 మీటర్ల వెడల్పుండి, నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో పారితే, ఆ నీటికి దాదాపు 90 సెంటీమీటర్ల లోతు కావాలి. కొండ విస్తీర్ణం మూడు చదరపు కిలోమీటర్లయితే నీరూ మూడింతలు. ఫోనులోని మ్యాపుల్లో శిఖరాల గీత పట్టుకుని విస్తీర్ణం అంచనా కట్టవచ్చు. కొండమీద ఒత్తుగా అడవి ఉంటే సగం కంటే తక్కువ దిగుతుంది. పోడు కొట్టి బోడి చేసిన వాలయితే ఎక్కువే దిగుతుంది.

వేగం తెలియాలంటే గట్టు మీద 20 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. వాన రోజున గట్టు మీద నుంచే ఒక ఎండు పుల్ల నీళ్లలోకి విసిరి, అది ఒక గుర్తు నుంచి రెండో గుర్తు దాకా వెళ్లడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పది సెకన్లయితే పైన నీటి వేగం సెకనుకు 2 మీటర్లు. లోపల నీరు కాస్త నెమ్మది కాబట్టి దాన్ని 0.85తో గుణిస్తారు. ఈ పని కోసం నీళ్లలోకి మాత్రం దిగొద్దు.

అయితే వంతెన ఎంత ఎత్తులో ఉండాలి?

దుంగ అడుగు అంచుకూ అతి పెద్ద వరద మట్టానికీ మధ్య ఖాళీ వదలాలి. భారత రోడ్ల కాంగ్రెసు (రోడ్లు, వంతెనల ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సంస్థ) నియమాల ప్రకారం సెకనుకు 3 నుంచి 30 ఘనపు మీటర్ల ప్రవాహానికి కనీసం 60 సెంటీమీటర్లు, 30 దాటి 300 దాకా 90 సెంటీమీటర్లు. మన్యంలో నేనైతే చిన్న గెడ్డకు కూడా ఒక మీటరు వదలమంటాను. ఇక్కడ వచ్చేది ఉట్టి నీరు కాదు. వేర్లతో సహా పెకలిన చెట్లు, వెదురు పొదలు కూడా కొట్టుకొస్తాయి. అందులో ఒక్కటి దుంగలకు అడ్డం పడితే వెనక చెత్త పేరుకుని వంతెన కాస్తా ఆనకట్ట అవుతుంది.

ఏ కర్ర వాడాలి?

ఊళ్లో దొరికేదాంట్లో చేవ ఉన్నది. చెట్టు నడుమ ముదురు రంగులో ఉండే చేవకే పురుగునూ పుచ్చునూ తట్టుకునే శక్తి ఉంటుంది. చుట్టూ తెల్లగా ఉండే భాగం ఎంత లావున్నా రెండు మూడు వానలకే మెత్తబడుతుంది. నల్లమద్ది, వేగి మంచివి. టేకు దొరికితే చెప్పేదేముంది, కానీ మనకందే ధరకు రాదు. జామాయిలు తిన్నగా, పొడవుగా వస్తుంది, పట్టా భూముల్లోనూ దొరుకుతుంది. కాకపోతే ఆరేటప్పుడు పగులుతుంది, పచ్చిగా వేస్తే మెలి తిరుగుతుంది. కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓకు మెత్తని కర్ర, దూలానికి పనికిరాదు. సరుగుడు బాదులు చేతిపట్టుకు బాగుంటాయి, వానకు వదిలేస్తే ఎన్నాళ్లో నిలవవు.

చెట్టును డిసెంబరు, జనవరిలో కొట్టించండి. కొట్టిన వెంటనే బెరడు తీసేయాలి. బెరడు కిందే పురుగు గుడ్లు పెడుతుంది. దుంగ కొసలకు తారో పాత పెయింటో పూస్తే పగుళ్లు తగ్గుతాయి. నేలకు ఆనకుండా రాళ్ల మీద పేర్చి, పైన నీడ వేసి, మూడు నాలుగు నెలలు వదిలేయండి. 20 సెంటీమీటర్ల దుంగ లోపలి తడి ఏడాదికి కూడా పూర్తిగా ఆరదు గానీ, పై పొర ఆరినా చాలా మేలు.

పాత ఇంజనాయిలు పూయడం చాలా ఊళ్లలో అలవాటు. గెడ్డ మీద వంతెనకు మాత్రం వద్దు. దిగువన ఆ నీళ్లే తాగేవాళ్లుంటారు. జీడిపిక్కల పెంకు నుంచి తీసే నూనె పురుగును బాగా ఆపుతుంది. మన ఉత్తరాంధ్రలో జీడి పరిశ్రమ ఉంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. అది చర్మాన్ని కాలుస్తుంది, చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. వంతెన వేయకముందే, గెడ్డకు దూరంగా పూసి ఆరబెట్టండి.

తాటి దుంగలు వేస్తే సరిపోదా? మైదానంలో అందరూ అవే వేస్తారు.

ముదురు తాడి అయితే బాగానే సరిపోతుంది. ఆనందపురం, పద్మనాభం వైపు కాలవల మీద ఇప్పటికీ అవే పని చేస్తున్నాయి. తాటిలో బలమంతా బయటి నల్ల పొరలో ఉంటుంది, నడుమ మెత్తటి గుజ్జు. నిలువునా రెండుగా చీల్చి, గుజ్జు తీసేసి, నల్ల పొరను దూలంగా వాడతారు. లేత చెట్టుకు ఆ పొర పల్చగా ఉంటుంది, దాన్ని నమ్మకండి. పైన మన్యంలో తాడి తక్కువ. కింద నుంచి ఘాటెక్కించే లారీ కిరాయి లెక్కేసుకుంటే అక్కడి మద్దే చవక.

వెదురుతో కడితే?

రెండు మూడేళ్లకోసారి మార్చుకునే ఓపిక ఉంటే కట్టవచ్చు. వెదురు లాగుడుకు చాలా బలమైనది. దాని శత్రువులు వాన, మట్టి, పురుగు. నేలలో పాతిన వెదురు శుద్ధి చేయకపోతే ఏడాది రెండేళ్లలో పుచ్చుతుంది. బోరాక్సు, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లలో నానబెడితే పురుగు పట్టదు. అయితే ఆ మందు వాననీటికి కరిగి బయటకు పోతుంది, పైన కప్పు లేని వంతెనకు అందువల్ల పెద్ద లాభం లేదు. మూడు నాలుగేళ్లు నిండిన, లోపల బోలు తక్కువగా ఉన్న గట్టి వెదురే వాడండి. లేత బొంగులు కోడికూర వండుకోవడానికి వదిలేయండి.

అమావాస్య రోజుల్లో నరికితే పురుగు పట్టదని పెద్దలంటారు. అసలు సంగతి వెదురులోని పిండి పదార్థం. వానాకాలం తర్వాత, చలి రోజుల్లో అది తక్కువగా ఉంటుంది, పురుగుకు తిండి దొరకదు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు నరికితే పక్షం ఏదైనా ఫరవాలేదు. నా ఉద్దేశంలో వెదురు చేతిపట్టుకు, తాత్కాలిక పనికి బాగుంటుంది. మనిషి బరువు మోసే దూలానికి కర్రే మేలు.

దుంగ ఎంత లావుండాలి? మేస్త్రి "చూసి చెబుతా" అంటున్నాడు.

చూపుతో పాటు లెక్క కూడా వేయించండి. మీటరు వెడల్పు బాట, 5 మీటర్ల పొడవు అనుకుందాం. మనుషులు నడిచే చోట చదరపు మీటరుకు 400 కిలోలు లెక్కించమని రోడ్ల కాంగ్రెసు నియమం. సంత రోజున మూటలతో అందరూ ఒకేసారి ఎక్కినా అది దాటదు. దుంగల, పలకల సొంత బరువు మీటరుకు మరో 100 కిలోలు వేయండి. మొత్తం మీటరుకు 500 కిలోలు. నడుమ వంచే బలం కావాలంటే 500ను పొడవు వర్గంతో గుణించి 8తో భాగించాలి: 500 × 25 ÷ 8, అంటే సుమారు 1,560 (కిలోలను మీటర్లతో గుణించిన కొలత ఇది, దూరం కాదు).

మూడు దుంగలు వేస్తే ఈ బరువు సమానంగా పంచుకోవు. నడిమి దుంగ రెండు పక్కల నుంచీ మోస్తుంది కాబట్టి దానిపై దాదాపు 40 శాతం పడుతుంది. 20 సెంటీమీటర్ల దుంగకు అప్పుడు చదరపు సెంటీమీటరుకు 80 కిలోల ఒత్తిడి వస్తుంది. మద్ది లాంటి గట్టి కర్రకు, తడి తగిలే చోట, అదే హద్దు. కాబట్టి 5 మీటర్లకు 20 సెంటీమీటర్లు. ఇదే పద్ధతిలో 4 మీటర్లకు 18, 6 మీటర్లకు 23, 8 మీటర్లకు 28. ఇవన్నీ బెరడు తీశాక, సన్నని కొస దగ్గర కొలతలు. జామాయిలు వాడితే రెండు మూడు సెంటీమీటర్లు పెంచండి. ఉన్నవాటిలో లావుది నడుమ వేయండి. పక్క దుంగల్లో ఒకదాని మొదలు ఇటు వైపుంటే రెండోదాని మొదలు అటు వైపు పెట్టండి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. లావు రెట్టింపయితే దుంగ బలం ఎనిమిదింతలవుతుంది. రెండు సన్న దుంగలు పక్కపక్కన వేసి ఒక లావు దుంగతో సమానం అనుకోవడం తప్పు. ఇంకోటి, మోత. 5 మీటర్ల వంతెనకు 6 మీటర్ల దుంగ కావాలి, పచ్చిది 180 కిలోలు తూగుతుంది, ఎనిమిది మంది ఎత్తగలరు. 8 మీటర్ల వంతెనకు కావాల్సిన దుంగ ఒక్కోటి అర టన్ను పైమాటే. కొండ వాలులో దాన్ని భుజాన మోయడం అంటే ఎవరికో కాలు విరగడమే. 8 మీటర్లు కష్టమని మొదట్లో అన్నది ఇందుకే.

గట్టు కట్టుబడికి ఎందుకంత ఖర్చు? దుంగలు మట్టి మీద పెట్టేస్తే పోలేదా?

పడిపోయిన చిన్న వంతెనల్ని చూస్తే నడుమ విరిగినవి తక్కువ. ఎక్కువగా దుంగలు చెక్కుచెదరకుండా దిగువన ఏ పొదకో తట్టుకుని పడి ఉంటాయి, పోయింది కొస కింది గట్టు. అందుకే మీ దగ్గర ఉన్న డబ్బు, సిమెంటు, మంచి మేస్త్రి, ఈ మూడూ ముందు గట్లకే కేటాయించండి. దుంగ పుచ్చితే ఇంకోటి వేసుకోవచ్చు. గట్టు జారితే వంతెన చోటే పోతుంది.

పునాది బండ తగిలేదాకా తవ్వడం మొదటి మాట. బండ తగలకపోతే గెడ్డ అడుగు మట్టం కంటే కనీసం మీటరున్నర కిందికి దిగాలి. వరద రోజున గెడ్డ అడుగు ఇసుక కూడా కొట్టుకుపోతుంది, నీళ్లు తగ్గాక మళ్లీ నిండుతుంది. కాబట్టి ఎండాకాలంలో కనిపించే అడుగును నమ్మి పునాది వేయకూడదు. గట్టు గోడను నీటి అంచున కాకుండా ఒక మీటరు వెనక్కి జరిపి కట్టండి. దుంగ కాస్త పొడవు పెరుగుతుంది గానీ నీళ్లకు దారి తగ్గదు.

రెండు మీటర్ల ఎత్తు గోడకు అడుగున కనీసం మీటరు పైన మందం ఉండాలి. నల్లరాయి, ఒకటికి నాలుగు పాళ్ల సిమెంటు మాలు. గోడకు మధ్య మధ్య నీళ్లు కారే కంతలు వదలాలి. వెనక బంకమట్టి నింపకండి, కంకర, రాళ్ల ముక్కలు నింపండి. వానకు నానిన మట్టి వెనక నుంచి గోడను తోస్తుంది, ముందు నుంచి గెడ్డ కోస్తుంది. సిమెంటు పైకి చేర్చలేని ఊరైతే గేబియన్లు వేయవచ్చు: గాల్వనైజ్డ్ తీగతో అల్లిన రెండు మీటర్ల పెట్టెలో రాళ్లు పేర్చి మూత కుట్టడం. తీగ చుట్టలు భుజాన మోసుకెళ్లవచ్చు, రాళ్లు అక్కడే ఉంటాయి. గోడ కాస్త కుంగినా గేబియను విరగదు, వంగి సర్దుకుంటుంది. రాళ్లు మాత్రం తీగ కన్ను కంటే పెద్దవై ఉండాలి, విసిరి నింపకుండా చేత్తో పేర్చాలి.

గోడ పాదం దగ్గర, ఎగువ దిగువల్లో పెద్ద రాళ్లు దొర్లించి పెట్టండి. ఎంత పెద్దవి? సెకనుకు 3 మీటర్ల వేగానికి దాదాపు 40 సెంటీమీటర్ల రాయి కావాలి, అంటే ఎనభై కిలోల దరిదాపు. ఒక్కడు ఎత్తగలిగిన రాయిని గెడ్డ కూడా ఎత్తుతుందని గుర్తుంచుకుంటే చాలు. నీటి వేగం రెట్టింపయితే అది కదిలించే రాయి బరువు 64 రెట్లవుతుంది. నిన్నటిదాకా కదలని బండ ఒక్క రాత్రిలో మాయమయ్యేది అందుకే.

దుంగల్ని గట్టుకు గట్టిగా బిగించేయాలా?

ఇందులో ఇంజనీర్లలోనే రెండు మాటలున్నాయి. నేను పూర్తిగా బిగించకూడదనే వైపు. కర్ర తేలుతుంది. నీళ్లు దుంగల దాకా వస్తే వంతెన పైకి లేవాలని చూస్తుంది. రెండు కొసలూ ఇనుప పట్టీలతో బిగిస్తే అది లేవదు, చెత్తనంతా ఆపుకుని చివరికి గట్టునే పెకలించుకుపోతుంది. దానికంటే, గోడ పైన కాంక్రీటు దిమ్మె పోసి, 20 మిల్లీమీటర్ల కడ్డీలు నిలబెట్టి, దుంగలు పక్కకు దొర్లకుండా ఆపండి. పైకి లేవడానికి అడ్డం పెట్టకండి. ఒక కొసకు గొలుసు వేసి గట్టు మీద పెద్ద చెట్టుకో బండలో దింపిన కొక్కేనికో కట్టండి. వరదకు వంతెన లేస్తే ఆ గొలుసు మీద తిరిగి గట్టు వెంట పడుతుంది. నీళ్లు తగ్గాక ఊరంతా కలిసి ఎత్తి పెట్టుకోవచ్చు.

దుంగ కొస దిమ్మె మీద కనీసం అర మీటరు కూర్చోవాలి. దాన్ని మట్టిలో పూడ్చకండి, కొస చుట్టూ గాలి ఆడాలి. మూడు దుంగలనూ కొసల దగ్గర, నడుమ అడ్డకర్రలతో, బోల్టు, వాషరు వేసి కలపండి.

పైన మట్టి పోసి చదును చేస్తే నడవడానికి హాయిగా ఉంటుంది కదా?

నడిచేవాళ్లకు హాయి, దుంగకు చావు. మట్టి తడి పట్టి ఉంచుతుంది, పుచ్చు పైనుంచి మొదలవుతుంది, కింద నుంచి చూసేవాడికి తెలియదు. 5 సెంటీమీటర్ల మందం పలకలు అడ్డంగా వేసి, పలకకూ పలకకూ మధ్య సెంటీమీటరు సందు వదలండి. దుంగకూ పలకకూ మధ్య తారుషీటు పట్టీ పరిస్తే మేకు కన్నం లోంచి నీళ్లు దుంగలోకి దిగవు. చిన్న ఖర్చే, దుంగ ఆయుష్షు బాగా పెరుగుతుంది. వానకు పలకలు జారతాయి కాబట్టి పైన కోళ్ల గూటి జాలీ మేకులతో కొట్టండి. డోలీ మోసేవాళ్లు చాలాసార్లు చెప్పుల్లేకుండా ఉంటారు, జాలీ కొసలు పైకి లేవకుండా మడవండి.

వెడల్పు, చేతిపట్టు ఎంత?

డోలీలో మనిషిని మోసేవాళ్లు ముందొకరు, వెనకొకరు నడుస్తారు, మీటరు చాలు. ఎదురెదురుగా మూటలతో దాటాలంటే మీటరూ ఇరవై. చేతిపట్టు మీటరూ పది సెంటీమీటర్ల ఎత్తు, రెండు పక్కలా. పిల్లలు బడికి దాటే వంతెనైతే మధ్యలో ఇంకొన్ని వరసలు దగ్గరదగ్గరగా కట్టండి, సందులో పిల్ల తల పట్టకూడదు. అడవిలో దొరికే అడ్డాకు తీగ నారతో కట్టే కట్లు ముచ్చటగా ఉంటాయి. చేతిపట్టుకు మాత్రం ఇనుప తీగో బోల్టో వేయండి.

బైకు వెళ్తుందా? ఆటో?

బైకు వెళ్తుంది, మీరు వద్దన్నా వెళ్తుంది. బండి, ఇద్దరు మనుషులు, మూట కలిపి మూడొందల కిలోలు. చదరపు మీటరుకు 400 కిలోల లెక్కలో వేసిన దుంగలకు అది పెద్ద బరువు కాదు. పలక మాత్రం చక్రం కింద పగలకుండా ఉండాలి. ఆటోను, ట్రాక్టరును రానివ్వకండి. రెండు మొదళ్లలో మీటరు సందు వదిలి రాతి స్తంభాలు పాతితే బోర్డు రాసే పని ఉండదు.

సిమెంటు తూములు వేసి పైన మట్టి పోస్తే చవక కదా?

పొలం కాలవకు సరే. కొండ గెడ్డకు తూము నోట్లో ఒక చెట్టు మొద్దు అడ్డం పడితే చాలు, నీళ్లు పైనుంచి పొర్లి మట్టి మొత్తం పోతుంది. మరుసటి ఏడాది తూములు దిగువ పొలంలో దొరుకుతాయి.

పది, ఇరవై, ముప్ఫై మీటర్ల గెడ్డకు వైరు వంతెన మేమే కట్టుకోవచ్చా? హార్బరులో పాత వైరు తాళ్లు దొరుకుతాయంటున్నారు.

దొరకడం నిజమే. అయినా లెక్క చూడండి. 30 మీటర్ల వేలాడే వంతెన, నడుమ మీటరున్నర కుంగు, మీటరుకు 500 కిలోల బరువు. వైర్ల మీద పడే లాగుడు 500 × 900 ÷ (8 × 1.5), అంటే 37.5 టన్నులు. దానికి మూడింతల భద్రత కలిపితే వైర్లన్నీ కలిసి 112 టన్నులు తట్టుకోవాలి. అంత లాగుడును రెండు గట్ల మీదా పాతిన లంగర్లు పట్టి ఉంచాలి. పాత వైరులో ఎన్ని పోగులు తెగాయో, లోపల ఎంత తుప్పుందో కంటితో తెలియదు. ఇది ఇంజనీరు లేకుండా చేసే పని కాదు.

చేయలేని పని మాత్రం కాదు. కర్ణాటకలో సుళ్యకు చెందిన గిరీశ్ భరద్వాజ్ 1989లో అరంబూరు దగ్గర పయస్విని నది మీద మొదటి వేలాడే వంతెన కట్టి, ఆ తర్వాత వందకు పైగా కట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 8 మీటర్లు దాటిన గెడ్డయితే పాడేరు ఐటీడీఏకు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు) గ్రామసభ తీర్మానంతో అర్జీ పెట్టి, ఫొటోలు, వరద గుర్తుల కొలతలు జత చేయండి. కొలతలున్న అర్జీని ఇంజనీరు వేరుగా చూస్తాడు.

నడుమ ఒక స్తంభం వేసి రెండు చిన్న వంతెనలు చేద్దామని కొందరంటారు. గెడ్డ నడుమ నిలబడ్డ స్తంభానికి చెత్త ముందు తగులుతుంది, పునాది చుట్టూ నీరు సుడి తిరిగి తవ్వుతుంది. నడుమ పెద్ద బండ సహజంగా ఉంటే తప్ప వద్దు.

అటవీ శాఖ అనుమతి కావాలా?

చోటు అటవీ భూమి అయితే కావాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద రోడ్లతో సహా పదమూడు రకాల ఊరుమ్మడి సదుపాయాలకు, ఒక్కో దానికి హెక్టారు లోపు భూమిని, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. బాట, వంతెన కలిపి ఒకే అర్జీగా, గ్రామసభ తీర్మానంతో అటవీ అధికారికి పంపండి. కర్ర పట్టా భూమిలోదైనా కొట్టే ముందు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాలి. అడవి బయట పెంచిన వెదురును చట్టంలో చెట్టుగా లెక్కించడం 2017లో మానేశారు కాబట్టి దానికి ఇబ్బంది తక్కువ. రిజర్వు అడవిలో రాత్రికి రాత్రి కొట్టుకొచ్చిన దుంగతో వంతెన వేస్తే, ఆ కేసు ఊరందరి మీదా పడుతుంది.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

కర్ర డిసెంబరు, జనవరిలో. పునాదులు కాఫీ పండ్ల కోతలు ముగిశాక, ఫిబ్రవరి, మార్చిలో. గట్లు ఏప్రిల్‌కు లేవాలి. దుంగలు మేలో ఎక్కాలి. జూన్ నడిమికి వానలు దిగుతాయి. సగం కట్టిన గట్టు వానకు దొరికితే లేని గట్టు కంటే అధ్వానం.

జనాన్ని ఎక్కించే ముందు పరీక్ష ఎలా చేయాలి?

ఇసుక బస్తాలతో. 5 మీటర్ల వంతెనకు 50 కిలోల బస్తాలు 40 కావాలి, అంటే రెండు టన్నులు. ముందు దుంగల కింద, గట్టు నుంచి గట్టుకు ఒక నూలు తాడు బిగించి, నడుమ దుంగకూ తాడుకూ మధ్య ఖాళీ కొలవండి. బస్తాలు రెండు వైపుల నుంచి నెమ్మదిగా పేర్చండి. రెండు సెంటీమీటర్ల దాకా కుంగడం మామూలే. మూడు దాటితే ఆపి దించేయండి. రాత్రంతా ఉంచి, పొద్దున బస్తాలు తీశాక దుంగ దాదాపు మొదటి చోటుకు రావాలి. పరీక్ష నడుస్తుండగా కింద ఎవరూ ఉండకూడదు. గట్ల మీద కూడా కన్నేయండి, గోడలో కొత్త పగులు కనిపిస్తే దుంగలు ఎంత బాగున్నా వంతెన తెరవకండి.

ఎన్నేళ్లు వస్తుంది? ఏం చూసుకోవాలి?

చేవ ఉన్న దుంగ, మట్టి తగలకుండా, గాలి ఆడేలా వేస్తే పదేళ్ల దరిదాపు ఆశించవచ్చు. పలకలు అంతకాలం రావు. దీపావళి దాటి, తుపాను వానలు తగ్గాక ఏటా ఒకసారి చూడండి. కత్తి మొనతో దుంగ కొసలను, బోల్టు కన్నాల చుట్టూ పొడవండి. సెంటీమీటరు సులువుగా దిగితే అక్కడ పుచ్చు ఉన్నట్టు. సుత్తితో తట్టితే మంచి కర్ర గట్టిగా మోగుతుంది, పుచ్చింది డొల్లగా పలుకుతుంది. గట్టు పాదం దగ్గర రాళ్లు జారాయేమో చూసి, జారితే ఆ వారమే నింపండి.

నీళ్లు వంతెన మీదుగా పారుతుంటే దాటవచ్చా?

వద్దు. పలకల మీద మోకాలు లోతు నీళ్లున్నాయంటే కింద చెట్లు తగులుతూ ఉంటాయి. గట్టు కింద ఏముందో పైనుంచి కనిపించదు. పైన కొండ మీద వాన పడితే మీ ఊళ్లో ఎండ కాస్తుండగానే గెడ్డ దిగుతుంది. దుంగ అడుగుకు అరమీటరు కింద గట్టు గోడ మీద ఎర్ర రంగు గీత గీయండి. నీళ్లు గీత తాకితే రెండు వైపులా వెదురు అడ్డం వేసేయాలి. ఎవరు వేయాలో ముందే, రెండు గట్ల మీదా ఒక్కొక్కరికి అప్పజెప్పండి.

వానాకాలం నడుమ ఒక దుంగ పుచ్చిందని తెలిసింది. అప్పుడేం చేయాలి?

పక్క దుంగ అయితే, పుచ్చింది కొసలో కాకపోతే, ఆ పక్కన వెదురు అడ్డం కట్టి మిగిలిన భాగంలో ఒక్కొక్కరే దాటేలా చేయండి. బైకులు ఆపేయండి. నడిమి దుంగ అయినా, కొస పుచ్చినా మొత్తం మూసేయడమే. అందుకే కర్ర కొట్టించే రోజునే మూడు బదులు నాలుగు దుంగలు తెచ్చి, నాలుగోదాన్ని గట్టు మీద రాళ్ల పైన, రేకు కప్పి ఉంచుకోండి. రెండు వర్షాల మధ్య నాలుగు రోజులు తెరిపి దొరికితే పలకలు ఊడదీసి మార్చవచ్చు. తీసిన దుంగను గెడ్డలో పారేయకండి, దిగువ ఊరి వంతెనకు అదే అడ్డం పడుతుంది.